న్యాయపీఠము, రాజ్యాధికారము: గర్భస్రావ శాసన చరిత్రపై ఒక పరిశీలనము

కోవిల్‌పట్టికిని తిరునెల్వేలికిని నడుమనున్న కయత్తారు గ్రామమునందు 1799వ సంవత్సరము అక్టోబరు 16వ తేదీన ఒక విచారణ జరిగెను. పాంచాలంకురిచ్చి పాళెగాడైన వీరపాండ్య కట్టబొమ్మ నాయకుడు ముద్దాయి. ఇంట తెలుగు మాటాడు రాజకంబళ నాయకుల కులమువాడు. తూర్పిండియా కంపెనీ సేనాని మేజర్ బానర్‌మన్ ఆనాడు ఫిర్యాదియు తానే, సేనాధిపతియు తానే, తీర్పరియు తానే. ఇరుగుపొరుగు పాళెగార్లను కూర్చుండబెట్టి, వారి యెదుట నేరములను వినిపించి, ఉరిశిక్ష విధించి, నాడే దానిని అమలు జరిపించెను. పాంచాలంకురిచ్చితోబాటు ఏళాయిరంపన్నై, నాగలాపురము మున్నగు మరికొన్ని పాళెములను కంపెనీవారు స్వాధీనపరచుకొనిరి.

న్యాయపీఠము రాజ్యాధికారమునకు దూరముగా నుండవలెనను మాటకు అర్థము తెలిసికొనుటకు ఈ సీమ తెలుగువారు పెద్ద గ్రంథములదాకా పోనక్కరలేదు. కయత్తారు చింతచెట్టు కథ చాలును. అయితే కయత్తారులో అధికారము ముసుగు లేక కూర్చున్నది. తరువాతి కాలమున న్యాయస్థానములు ఏర్పడినవి, చట్టములు అచ్చుపడినవి, న్యాయమూర్తులు ప్రభుత్వమునుండి వేరుగా నిలిచిరి. అధికారము న్యాయపీఠమును తాకు తీరుమాత్రము మారినదే కాని తాకుట మానలేదు. ఆ తీరులను పరిశీలించుటకు గర్భస్రావ శాసనమును మించిన ఉదాహరణము అరుదు. ఇది స్త్రీ శరీరమునకు, కుటుంబమునకు, మతవిశ్వాసమునకు, జనసంఖ్యకు, ఓట్లకు ఒక్కసారిగా సంబంధించిన విషయము. కావుననే ప్రతి తరమునందును రాజకీయము దీనిమీద చేయివేసినది. ఆ చరిత్రలో తెలుగువారి ప్రమేయము మిక్కిలిగా కలదు.

శిక్షాస్మృతియు ఆదెమ్మ వ్యాజ్యమును

మన ధర్మశాస్త్రములు భ్రూణహత్యను మహాపాపముగా పరిగణించి ప్రాయశ్చిత్తములను విధించినవి. రాజ్యము దానిని జైలుశిక్షకు తగిన నేరముగా నిర్ణయించినది ఆంగ్లేయుల పాలనలోనే. మెకాలే అధ్యక్షతన 1837లో తయారైన ముసాయిదా 1860లో భారత శిక్షాస్మృతియై, 1862 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చెను. అందలి 312వ సెక్షను ప్రకారము స్త్రీ ప్రాణమును కాపాడుటకు సదుద్దేశముతో చేసినదితప్ప తక్కిన గర్భస్రావమంతయు నేరము. శిక్ష 3 ఏండ్లవరకు. కడుపులో బిడ్డ కదలిక యేర్పడిన పిమ్మట 7 ఏండ్లవరకు. తన కడుపు తానే పోగొట్టుకొన్న స్త్రీయు శిక్షార్హురాలే. ఈ చట్టమును వ్రాసినవారిని ఈ దేశప్రజలెవ్వరును ఎన్నుకొనలేదు.

1886లో మద్రాసు హైకోర్టు తీర్మానించిన ఒక వ్యాజ్యము శాసన గ్రంథములలో ఆదెమ్మ కేసను పేర నిలిచియున్నది. తన గర్భమును తానే స్రవింపజేసికొన్నదని ఆమెపై అభియోగము. గర్భము నెలదినములది మాత్రమే. శిశువని గాని పిండమని గాని చెప్పదగిన రూపమేదియు లేదు గనుక క్రింది న్యాయస్థానము ఆమెను విడుదల చేసెను. హైకోర్టు ఆ విడుదల చట్టసమ్మతము కాదనెను. గర్భము నిలిచినది మొదలు స్త్రీ గర్భవతియే యనియు, రూపము ఏర్పడినదా లేదా యను ప్రశ్నతో పనిలేదనియు అది నిర్ణయించెను. ఒక శతాబ్దికి పైగా ఈ నిర్ణయము న్యాయవాదుల గ్రంథములలో ప్రమాణవాక్యముగా ఉదహరింపబడుచు వచ్చినది.

ఈ తీర్పులో హైకోర్టు న్యాయమూర్తుల చెవిలో ఏ రాజప్రతినిధియు ఏదియు ఊదనక్కరలేదు. రాజకీయము అంతకు 26 ఏండ్లముందే చట్టపు మాటలలో చేరి కూర్చున్నది. క్రింది న్యాయాధికారి మనిషిని చూచెను. పై న్యాయస్థానము చట్టములోని పదమును చూచెను. తీర్పును మలచు శక్తులలో మొదటిది ఇదియే: న్యాయమూర్తి చేతికి రాకముందే శాసనకర్త చేసిన నిర్ణయము.

అదేకాలమున తెలుగుదేశమునందు మరియొక వాదము చెలరేగుచుండెను. వితంతు పునర్వివాహమునకు 1856లోనే చట్టము అనుమతి నిచ్చినను సంఘము ఒప్పుకొనలేదు. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహమును జరిపించిరి. బాలవితంతువుకు పెండ్లి నిషేధించిన సంఘమే ఆమె కడుపు పండినపుడు ఆమెను దొంగచాటు మందులకు, నూతులకు, ఏరులకు త్రోయుచున్నదని నాటి సంస్కర్తలు వాదించిరి. 1892లో విజయనగరమున ప్రదర్శితమైన కన్యాశుల్క నాటకమునందును వితంతువుల దైన్యమును, దాని చుట్టు అల్లుకొన్న కపటమును ప్రేక్షకులు చూచిరి. శిక్షాస్మృతి మాత్రము ఈ కారణముల నేమియు అడుగలేదు. శిక్ష స్త్రీకి; కారణము సంఘమునది. ఈ వైషమ్యమును సరిదిద్దుట న్యాయమూర్తి వశములో లేకుండెను.

ఒక న్యాయమూర్తి దారి తెరచుట

చట్టము మారకున్నను న్యాయమూర్తి దానికి క్రొత్త అర్థము చెప్పగలడని చూపినది 1938 నాటి లండన్ వ్యాజ్యము. సైనికులచే చెరుపబడిన 14 ఏండ్ల బాలికకు అలెక్ బోర్న్ అను వైద్యుడు గర్భస్రావము చేసి, తానే ప్రభుత్వమునకు తెలియజేసి, విచారణకు సిద్ధపడెను. స్త్రీ ప్రాణరక్షణ యనగా ప్రాణము పోకుండ కాపాడుట మాత్రమే కాదు, ఆమె శరీరముగాని మనస్సుగాని శిథిలము కాకుండ చూచుటయు అందులో చేరునని న్యాయమూర్తి మాక్నాటన్ జూరీకి బోధించెను. జూరీ వైద్యుని నిర్దోషియనెను. అంతకు రెండేండ్లముందే, 1936లో, గర్భస్రావ చట్టమును మార్చవలెనని ఇంగ్లండున ఒక సంఘము ఏర్పడి ప్రచారము సాగించుచుండెను. ప్రజాభిప్రాయము కదలనిదే ఆ బోధ వెలువడియుండునాయనునది ఆలోచింపదగిన ప్రశ్న. చట్టసభ ఆ మార్గమును అంగీకరించుటకు 1967 వరకు పట్టెను.

జనసంఖ్య అను రాజకీయము

భారతదేశమున చట్టము మారిన విధము దీనికి భిన్నము. ఇచట స్త్రీల కోరికకంటె ముందు జనసంఖ్య లెక్క నడిచినది. 1964లో కేంద్రప్రభుత్వము శాంతిలాల్ షా అధ్యక్షతన ఒక సంఘమును నియమించెను. 1966లో అది నివేదిక సమర్పించెను. నాటు పద్ధతుల గర్భస్రావములవలన స్త్రీలు మరణించుచున్నారనునది ఆ సంఘము చెప్పిన ప్రధాన హేతువు. అయితే చట్టసభ వెలుపల మ్రోగుచుండిన మాట కుటుంబ నియంత్రణము. ఆ కాలమున కేంద్రమునందు ఆరోగ్య, కుటుంబ నియంత్రణ శాఖను నిర్వహించినవాడు రాజమహేంద్రవరమున 1918లో జన్మించిన జనసంఖ్యా శాస్త్రజ్ఞుడు శ్రీపతి చంద్రశేఖర్. ఆయన గర్భస్రావ చట్టమును సడలింపవలెనని బహిరంగముగా వాదించెను. తరువాత ఆ విషయముపై గ్రంథమును రచించెను. వితంతు వివాహములకు పేరుపొందిన పట్టణమునుండియే ఈ రెండవ సంస్కర్తయు వచ్చుట ఒక విశేషము. కాని ఇద్దరి వాదములకును పునాదులు వేరు. పంతులుగారు స్త్రీ దుఃఖమునుండి మొదలిడిరి. చంద్రశేఖర్‌గారి శాస్త్రము దేశపు జనాభానుండి మొదలిడెను.

1971 ఆగస్టులో పార్లమెంటు వైద్య గర్భవిచ్ఛిత్తి చట్టమును చేసెను. 1972 ఏప్రిల్ 1 నుండి అది అమలులోనికి వచ్చెను. 12 వారములవరకు ఒక వైద్యుడు, 12 మొదలు 20 వారములవరకు ఇద్దరు వైద్యులు సదుద్దేశముతో అభిప్రాయపడినచో గర్భము తీసివేయవచ్చును. వివాహిత స్త్రీ విషయమున తానో భర్తయో వాడిన నిరోధ సాధనము విఫలమైనను, ఆ గర్భము ఆమె మనస్సునకు కలిగించు వేదనను హానిగా భావింపవచ్చునని చట్టము చెప్పెను. ఈ చివరి నియమమునందే కుటుంబ నియంత్రణ విధానపు ముద్ర స్పష్టముగా కనబడుచున్నది.

ఇచట రెండు విషయములు గమనింపదగినవి. ఒకటి: లోకమున పెక్కు దేశములు ఇంకను నిషేధించుచున్న కాలముననే మనదేశము ఈ చట్టమును చేసికొన్నది; వేలాది స్త్రీల ప్రాణములు దీనివలన దక్కినవి. రెండు: చట్టము స్త్రీకి హక్కు నీయలేదు, వైద్యునికి శిక్షనుండి రక్షణ నిచ్చినది. శిక్షాస్మృతి 312వ సెక్షను తొలగిపోలేదు. 2024 జూలై 1 నుండి అమలైన భారతీయ న్యాయసంహితలోనూ అదే నియమము 88వ సెక్షనుగా నిలిచియున్నది. కావున వారముల లెక్క మీరిన స్త్రీ న్యాయస్థానమునకు పోయినపుడు న్యాయమూర్తి ముందుగా అడుగునది ఆమె యేమి కోరుచున్నదని కాదు, వైద్యు లేమనుచున్నారని.

జనసంఖ్య రాజకీయము ముదిరినచో ఏమగునో 1975 జూన్ 25న విధింపబడిన అత్యవసర పరిస్థితి చూపినది. 1976–77లో దేశమున 80 లక్షలకు పైగా శస్త్రచికిత్సలు జరిగినవి. అందు పెక్కు బలవంతమువలన జరిగినవి. ఆ కాలముననే, 1976 ఏప్రిల్ 28న, నిర్బంధితుడు హైకోర్టును ఆశ్రయింప వీలులేదని సుప్రీంకోర్టు 4–1 ఆధిక్యముతో తీర్పు చెప్పెను. భిన్నాభిప్రాయము వెలిబుచ్చిన హెచ్.ఆర్. ఖన్నాగారిని 1977 జనవరిలో ప్రభుత్వము దాటవేసి ఆయనకంటె తరువాతివానిని ప్రధాన న్యాయమూర్తిగా నియమించెను. గర్భము తీయుటకు అనుమతి నిచ్చిన రాజ్యమే గర్భము రాకుండ బలవంతము చేయుటకును వెనుదీయలేదు. కడుపు రాజ్యముదా, స్త్రీదా యను ప్రశ్నకు 1971 చట్టము సమాధానము చెప్పకపోవుటయే దీనికి మూలము.

మధుర సీమలో ఈ ప్రశ్న మరియొక రూపము దాల్చెను. 1980వ దశకమున ఉసిలంపట్టి ప్రాంతమున ఆడశిశువుల హత్యలు పత్రికల కెక్కినవి. 1992లో తమిళనాడు ప్రభుత్వము సేలములో ఊయల పథకమును ఆరంభించెను. 1994లో లింగనిర్ధారణ పరీక్షలను నిషేధించుచు పార్లమెంటు చట్టము చేసెను. 1996 నుండి అది అమలులో కలదు. ఆడపిండమును వెదకి చంపుట నేరము. స్త్రీ తన అవసరమునుబట్టి గర్భము తీయించుకొనుట నేరము కాదు. ఈ రెండింటి నడుమ గీత సన్ననిది. దానిని చెరిపివేసి, లింగవివక్ష పేర అసలు గర్భస్రావమునే అడ్డగించువారు కలరు. స్త్రీస్వేచ్ఛ పేర లింగవివక్షను కప్పిపుచ్చువారును కలరు. న్యాయమూర్తి ఈ రెండు ఒత్తిడులనడుమ తీర్పు చెప్పవలసియున్నది.

తెలుగు న్యాయమూర్తుల పరంపర

చట్టము హక్కు నీయని చోట రాజ్యాంగమునుండి హక్కును వెదకి తీసినవారిలో తెలుగు న్యాయమూర్తులు ముఖ్యులు. రాజమహేంద్రవరమున 1902లో జన్మించిన కోకా సుబ్బారావుగారు 1962 డిసెంబరులో ఖరక్ సింగ్ వ్యాజ్యమున అల్పసంఖ్యాక అభిప్రాయము వ్రాసిరి. అర్ధరాత్రి పోలీసులు ఇంటి తలుపు తట్టుటను గూర్చిన వ్యాజ్యమది. ఏకాంత స్వాతంత్ర్యము వ్యక్తిస్వేచ్ఛలో అంతర్భాగమని ఆయన చెప్పిరి, అధికసంఖ్యాకులు అంగీకరింపలేదు. 1975 మార్చిలో గోవింద్ వ్యాజ్యమున న్యాయమూర్తి మాథ్యూ ఆ భావమును మరల చేపట్టి, అమెరికా గర్భస్రావ తీర్పునుగూడ ప్రస్తావించెను.

ఆ దారిలో మరింత ముందునకు పోయినది ఆంధ్రప్రదేశ్ హైకోర్టు. కడప న్యాయస్థానమున మొదలైన ఒక దాంపత్య వ్యాజ్యమున, సరీత కేసని ప్రసిద్ధమైనదానిలో, 1983లో న్యాయమూర్తి పి.ఏ. చౌదరిగారు భార్యను భర్తతో కాపురమునకు పంపు డిక్రీ రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పిరి. ఆ డిక్రీ వలన స్త్రీ ఎప్పుడు ఎవరివలన గర్భము ధరింపవలెనను నిర్ణయము ఆమె చేతినుండి రాజ్యము చేతికి పోవునని ఆయన వాదము. గర్భస్రావ వ్యాజ్యము కాకున్నను, గర్భధారణపై నిర్ణయము స్త్రీదేయని మనదేశమున ఇంత నిష్కర్షగా చెప్పిన తీర్పు అంతకుముందు లేదనవచ్చును. ఏ పక్షముగాని ప్రభుత్వముగాని దానిని కోరలేదు. ఏడాది తిరుగగానే, 1984 ఆగస్టులో, మరియొక వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఆ అభిప్రాయమును త్రోసివేసెను. వివాహవ్యవస్థ స్థిరత్వము స్త్రీ ఏకాంతముకంటె బరువైనదిగా తూగెను. గాలికి ఎదురు వ్రాయబడిన తీర్పు నిలుచుట ఎంత కష్టమో ఇది చెప్పుచున్నది.

అయినను ఆ విత్తనము చావలేదు. 2009లో చండీగఢ్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు బిడ్డను కనుటయు కనకుండుటయు స్త్రీ వ్యక్తిస్వేచ్ఛలోని భాగమని చెప్పెను. ఆ వ్యాజ్యమున ప్రభుత్వ ఆశ్రమమునందలి బుద్ధిమాంద్యముగల యువతి బిడ్డను కనగోరెను. హైకోర్టు గర్భము తీయుమనెను. సుప్రీంకోర్టు ఆమె కోరికను నిలిపెను. హక్కు రెండువైపుల పదును గలదని దీనివలన తేటపడినది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము ఏకాంత స్వాతంత్ర్యము ప్రాథమిక హక్కని నిర్ణయించి, 55 ఏండ్లనాటి సుబ్బారావుగారి అభిప్రాయమును సరియైనదిగా స్వీకరించెను. ఆ ధర్మాసనమున కృష్ణాజిల్లావారైన జాస్తి చలమేశ్వర్‌గారు వేరుగా వ్రాసిన తీర్పులో, బిడ్డను కనుటయా గర్భము తీయించుకొనుటయా యను స్త్రీ నిర్ణయము ఏకాంత పరిధిలోనిదని స్పష్టముగా పేర్కొనిరి.

అమెరికా ఉదాహరణము

న్యాయమూర్తుల నియామకముద్వారా రాజకీయము తీర్పును మార్చు విధమునకు అమెరికాను మించిన నిదర్శనము లేదు. టెక్సాస్, కాలిఫోర్నియా, న్యూజెర్సీ రాష్ట్రములలో స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఇది పరాయి కథ కాదు. 1973 జనవరి 22న రో వ్యాజ్యమున 7–2 ఆధిక్యముతో అచటి సుప్రీంకోర్టు గర్భస్రావము రాజ్యాంగరక్షణ గల స్వేచ్ఛయని చెప్పెను. ఆ తీర్పు వ్రాసిన బ్లాక్‌మన్ రిపబ్లికన్ అధ్యక్షుడు నిక్సన్ నియమించినవాడు. నిక్సన్ నియమించిన నలుగురిలో ముగ్గురు ఆధిక్యపక్షమునందే యుండిరి. నాటికి ఈ ప్రశ్న ఇంకను పక్షములను చీల్చలేదు.

తరువాత చీల్చినది. 1980లో రిపబ్లికన్ పక్షము తన ఎన్నికల ప్రణాళికలోనే గర్భస్థ జీవమును గౌరవించు న్యాయమూర్తులను నియమింపవలెనని వ్రాసికొనెను. అయినను 1992లో ఆ పక్షపు అధ్యక్షులు నియమించిన ముగ్గురు, ఓకానర్, కెనెడీ, సూటర్, పాత తీర్పు సారమును నిలిపిరి. పూర్వ నిర్ణయములపై గౌరవము పక్షాభిమానమును మించినది. దీనినుండి ఆ పక్షమువారు నేర్చిన పాఠమేమనగా, నియామకమునకు ముందే న్యాయమూర్తి భావములను మరింత గట్టిగా పరీక్షింపవలెనని. 2016 ఫిబ్రవరిలో న్యాయమూర్తి స్కాలియా మరణింపగా అధ్యక్షుడు ఒబామా ప్రతిపాదించిన గార్లండ్‌ను సెనేటు విచారింపనైన లేదు. ఎన్నికల చర్చలో ట్రంప్ తాను నియమించు న్యాయమూర్తులవలన పాత తీర్పు తానుగా కొట్టివేయబడునని చెప్పెను. 2017లో గోర్సచ్, 2018లో కావనా, 2020లో బారెట్ నియమితులైరి. 2022 జూన్ 24న డాబ్స్ వ్యాజ్యమున అయిదుగురు న్యాయమూర్తులు 49 ఏండ్ల పాత తీర్పును రద్దు చేసిరి. రాజ్యాంగమున ఒక్క అక్షరమైన మారలేదు. పీఠములపై కూర్చున్న మనుష్యులు మారిరి.

తరువాతి కథయు బోధకమే. విస్కాన్సిన్ రాష్ట్రమున న్యాయమూర్తులను ప్రజలే ఎన్నుకొందురు. 2023 ఏప్రిల్ ఎన్నికలో గర్భస్రావమే ప్రధాన విషయమయ్యెను. జానెట్ ప్రొటసీవిచ్ గెలిచెను. 2025 జూలైలో ఆ న్యాయస్థానము 4–3 ఆధిక్యముతో 1849 నాటి నిషేధము చెల్లదనెను. ఒకచోట ఎన్నిక హక్కును తీసివేసినది, మరియొకచోట ఎన్నికయే దానిని తెచ్చిపెట్టినది. రెండింటను హక్కు ఓట్ల లెక్కకు వ్రేలాడుచున్నది. ఐర్లండున అట్లుగాక, 2012లో సవితా హలప్పనవర్ అను భారతీయ దంతవైద్యురాలు సకాలమున గర్భస్రావము లభింపక మరణింపగా ప్రజలు కదలి, 2018 మే 25 నాటి ప్రజాభిప్రాయ సేకరణలో రాజ్యాంగ నిషేధమునే తొలగించిరి. ఆ నిర్ణయము న్యాయమూర్తుల భుజములపై పడలేదు.

నేటి భారతదేశము

మనదేశమున న్యాయమూర్తులను పక్షములు బహిరంగముగా ఎన్నుకొనవు. 1993 నుండి న్యాయమూర్తుల మండలియే పేర్లు సూచించుచున్నది. దానికి బదులుగా తెచ్చిన నియామక సంఘమును 2015 అక్టోబరు 16న సుప్రీంకోర్టు 4–1తో కొట్టివేసెను. భిన్నాభిప్రాయము వ్రాసినవారు చలమేశ్వర్‌గారే. 2018 జనవరిలో వ్యాజ్యములను ధర్మాసనములకు పంచు విధానముపై ఆయన మరి ముగ్గురు న్యాయమూర్తులతో పత్రికలవారి ముందుకు వచ్చుటయు అందరికి తెలిసినదే. ఎవరు తీర్పు చెప్పవలెనను ప్రశ్న ఏ తీర్పు వచ్చునను ప్రశ్నకంటె చిన్నది కాదని ఆయన చర్యలు తెలుపుచున్నవి.

2021లో పార్లమెంటు గర్భవిచ్ఛిత్తి చట్టమును సవరించెను. కొన్ని తరగతుల స్త్రీలకు 24 వారములవరకు, పిండమున తీవ్రలోపములున్నచో వైద్యమండలి అనుమతితో ఆపైనను వీలు కల్పించెను. భర్తయను మాటకు బదులు భాగస్వామి యను మాట చేరెను. 2008లో ముంబయిలో 24 వారములు దాటిన ఒక గర్భిణికి హైకోర్టు అనుమతి నిరాకరించినది మొదలు దేశమంతటను సాగిన చర్చకు ఇది ఫలితము. అనగా న్యాయస్థానపు నిరాకరణమే ప్రజాభిప్రాయమును కదలించి చట్టమును మార్చినది.

2021 అక్టోబరులో తెలంగాణ హైకోర్టు న్యాయమూర్తి బి. విజయసేన్ రెడ్డిగారు అత్యాచారమునకు గురియైన 16 ఏండ్ల బాలికకు 26 వారముల గర్భమును తీయుటకు అనుమతించుచు, పిండము జీవితము తల్లి జీవితమునకంటె పైమెట్టున నుండజాలదనిరి. 2022 సెప్టెంబరు 29న చంద్రచూడ్, బోపన్న, పార్దీవాలాగార్ల ధర్మాసనము అవివాహితకును 24 వారములవరకు సమాన హక్కు కలదని తీర్పు చెప్పెను. వివాహమునందలి బలాత్కారమువలన కలిగిన గర్భమునుగూడ ఈ చట్టముకొరకు అత్యాచార గర్భముగా పరిగణింపవలెననెను. డాబ్స్ తీర్పు వెలువడి మూడునెలలే అయినది. ఒక దేశమున తలుపు మూసికొనుచుండగా మరియొక దేశమున తెరచుకొనెను.

అయితే మరుసటి ఏటనే దాని హద్దు తెలిసినది. 2023 అక్టోబరు 9న హిమా కోహ్లీ, నాగరత్నగార్ల ధర్మాసనము ఇద్దరు బిడ్డల తల్లికి అనుమతి నిచ్చెను. ప్రసవానంతర మానసిక వ్యాధితో బాధపడుచున్న ఆమెకు గర్భము 26 వారములు దాటినది. పిండము బ్రతుకు లక్షణములు కలిగియున్నదని వైద్యుడు తెలుపగా కేంద్రప్రభుత్వము ఉత్తరువును వెనుకకు తీసికొనుమని కోరెను. రెండు దినములలో ఆ ఇరువురు న్యాయమూర్తులును వేరైరి. స్త్రీ నిర్ణయమునే గౌరవింపవలెనని నాగరత్నగారు నిలిచిరి. 16వ తేదీన ప్రధాన న్యాయమూర్తి ధర్మాసనము అనుమతిని నిరాకరించెను. ఏడాదిముందు స్త్రీ నిర్ణయమును కొనియాడిన న్యాయస్థానమే ఇచట చట్టపు గీతను దాటలేదు. ప్రభుత్వము ఏ వ్యాజ్యమున మౌనము వహించును, ఏ వ్యాజ్యమున లేచి నిలుచును అనునదియు తీర్పును మలచు శక్తియే.

ఫలితార్థము

పై చరిత్రనుబట్టి రాజకీయము న్యాయపీఠమును నాలుగు మార్గముల చేరుచున్నదని చెప్పవచ్చును. చట్టము వ్రాయునపుడే తన ఉద్దేశమును అందు పొదుగుట మొదటిది. ఆదెమ్మ వ్యాజ్యము, 1971 చట్టము ఇందుకు నిదర్శనములు. న్యాయమూర్తులను ఎంచుట, దాటవేయుట రెండవది. అమెరికా నియామకములు, ఖన్నాగారి అనుభవము దీనిని చూపుచున్నవి. వ్యాజ్యమున ప్రభుత్వము పక్షము వహించుట మూడవది. ప్రజాభిప్రాయము నాలుగవది. మొదటి మూడింటిని గూర్చి ప్రజలు సాధారణముగా ఫిర్యాదు చేయుదురు. నాలుగవది తామేయని మరతురు. న్యాయమూర్తియు ఈ సంఘమునందు పుట్టి పెరిగినవాడే. సంఘము స్త్రీని ఏ కన్నుతో చూచునో ఆ చూపు కొంత ఆయన కలములోనికి దిగును. చౌదరిగారి తీర్పు ఏడాదికే కూలుటయు, సుబ్బారావుగారి అభిప్రాయము 55 ఏండ్లకు నిలుచుటయు దీనికి సాక్ష్యములు. నడుమ మారినది సంఘము.

ఈ విషయము ఢిల్లీకో వాషింగ్టనుకో చెందినదని ఈ సీమవారు అనుకొనరాదు. విరుదునగరము, తూత్తుకుడి జిల్లాలు 2004లో ఏర్పడిన మధుర హైకోర్టు శాఖ పరిధిలోనివి. ఏళాయిరంపన్నై చుట్టుపట్ల అగ్గిపెట్టెల పనికో బాణసంచా పనికో పోవు స్త్రీకి గర్భవిషయమున ఆపద వచ్చినచో, 24 వారములు దాటినపిదప ఆమెకు దారి మధురకే. వైద్యమండలి పరీక్ష, వకీలు, వాయిదా – వీనిలో ఒక్కొక్క దినము గడచుచుండగా వారముల లెక్క పెరుగుచుండును. చట్టము తెలిసిన కుటుంబము పదవ వారముననే ప్రభుత్వ వైద్యశాలకు పోవును. తెలియని కుటుంబము సిగ్గుచేతను భయముచేతను ఇరువదియైదవ వారమువరకు దాచి, పిదప న్యాయమూర్తి దయకై నిలుచును. చట్టము ఇద్దరికి ఒక్కటే. ఫలితము ఒక్కటి కాదు.

కావున తెలుగు సంఘములు తమ సభలలో కృష్ణదేవరాయలను, తిరుమల నాయకుని స్మరించుటతోబాటు తమ ఆడబిడ్డలకు ఈ చట్టమును తమ భాషలో తెలియజెప్పుటయు తమ బాధ్యతగా స్వీకరింపవలెను. ఇంట తెలుగు, బడిలో తమిళము, న్యాయస్థానమున ఆంగ్లము నడుమ నలుగు స్త్రీకి తన వారముల లెక్క, తన వైద్యశాల, తన సమ్మతి ఒక్కటే చాలునను విషయము తెలిసియుండుట ముఖ్యము. పదునెనిమిదేండ్లు నిండిన స్త్రీ గర్భవిచ్ఛిత్తికి భర్తదిగాని తండ్రిదిగాని అనుమతి చట్టము కోరుట లేదు. ఈ ఒక్క వాక్యము తెలియక ఎందరు నాటువైద్యుల పాలగుదురో పల్లెలెరిగినవారికి చెప్పనక్కరలేదు.

కయత్తారులో 1799లో సభగా కూర్చున్న పాళెగార్లు విచారణను చూచిరి, మాటాడలేదు. అట్టి మౌనమునకు ఈ కాలమున అవసరము లేదు. న్యాయమూర్తి పీఠము చుట్టు ఏ గాలి వీచుచున్నదో గమనించుట, అది స్త్రీ ప్రాణమునకు ఎదురుగా వీచునపుడు తమ మాటతోను తమ ఓటుతోను దానికి అడ్డునిలుచుట ప్రజల పని.